స్టీరింగుకు వేలాడిన బిరడాల సంచి

నాలుగు రోజులయింది నేను ఆ ప్రశ్న అడిగి. కువైట్‌లో పనిచేస్తున్నవాళ్లూ, పనిచేసి ఊళ్లకు చేరినవాళ్లూ ఉన్న మా వాట్సాప్ గుంపులో అందరూ చదివారని నీలం గీతలు చెబుతూనే ఉన్నాయి, జవాబు మాత్రం ఒక్కరూ ఇవ్వలేదు. ఇది నాకు కొత్త కాదు. ఈ విషయంలో నా మాట వినిపించుకోకపోవడం జహ్రా అవతలి ఎడారిలో మొదలయింది. అప్పుడు నా మీసం నల్లగా ఉండేది, ఇప్పుడు ఖైతాన్ గదిలో అద్దం ముందు నిలబడితే నెరసిన మీసం కనిపిస్తోంది, అదే తేడా.

కదిపింది ఆ గుంపులోకి వచ్చిన ఒక చిన్న వీడియో. మా పాత ఫోర్మన్ గారి మేనల్లుడు చలికాలానికి ఒడ్డెక్కించిన పడవలో కూర్చుని, ఇంజిను అడుగునున్న ఇత్తడి బిరడాలు విప్పి, లోపలి నీళ్లన్నీ వదిలేసి, ఆ బిరడాలను గుడ్డసంచిలో వేసి స్టీరింగుకు కట్టాడు. కింద ‘మా మామ కనిపెట్టిన పద్ధతి’ అని రాశాడు. అది చూసేసరికి చేతిలో టీ గ్లాసు పక్కన పెట్టేశాను. ఎవరు కనిపెట్టిన పద్ధతి? అదే గుంపులో అడిగాను.

నా వయసువాళ్లకు చెబితే అర్థమవుతుంది. కోనసీమలో మరపడవల దగ్గర నాలుగు పానాలు తిప్పడం నేర్చుకుని వచ్చిన నన్ను మా కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఆయన్ని మేమంతా బాబా అనేవాళ్లం, తన రెండు పడవల పనికి పెట్టుకున్నారు. ఫోర్మన్ రాయచోటి భాయ్. పని విషయంలో అబద్ధం చెప్పను, ఇంజిను మూత తెరవకుండా చప్పుడు విని జబ్బు చెప్పడం నాకు నేర్పింది ఆయనే. వేసవంతా పడవలు సముద్రంలో ఉండేవి. చలి మొదలవగానే బాబా కుటుంబమంతా ఎడారిలో గుడారాలు వేసుకునేది, పడవలను కూడా బళ్ల మీదకెక్కించి ఆ పక్కనున్న వాళ్ల తోటకు లాక్కొచ్చేవాళ్లం. అక్కడికి రాగానే గొట్టం తగిలించి మంచినీళ్లు పట్టి, లోపలి ఉప్పంతా పోయేదాకా ఇంజిన్లను కడిగి, టార్పాలిన్ కప్పేసేవాళ్లం. ఉప్పు తినేస్తుందన్న భయమే కానీ, ఆ కడిగిన నీళ్లు ఇంజిను కడుపులో మిగిలిపోతాయని ఎవరూ లెక్కచేయలేదు. సముద్రంలో ఉంటే ఉప్పునీళ్లు అంత తేలిగ్గా గడ్డకట్టవు. మేము ఎంత శ్రద్ధగా కడిగితే అంత ప్రమాదాన్ని లోపల పోసి మూతపెడుతున్నామని నాకు తట్టింది ఒక మేకల తొట్టి వల్ల.

గుడారాల్లో వంట చేసే అక్కది మా అమలాపురం దగ్గరే. ఒకరోజు పొద్దున్నే శాలువా ముసుగులోంచే కేకేసింది. “తమ్ముడూ, ఓసారిలా రా, మేకలు మూతి పెట్టలేక నన్ను తిడతన్నాయి.” వెళ్లి చూద్దును గదా, తొట్టి మీద గాజు పలక పరిచినట్టు మంచు! ఇసుక దేశంలో! రెండు చేతులతో ఎత్తి పట్టుకుంటే దాని గుండా సూర్యుడు కనిపించాడు. వేళ్లు కొంకర్లు పోతున్నా వదలబుద్ధి కాలేదు. పక్కనే బయట మరిచిపోయిన గాజు సీసా నిలువునా పగిలి ఉంది. సీసాను చూశాను, టార్పాలిన్ కప్పిన పడవలను చూశాను. ఆ మంచు పలకతోనే భాయ్ దగ్గరకు పరుగెత్తాను.

ఆయన దాని వంక చూసి, టీలోకి ముక్క విరిచి వేసుకోబోయారు. “ఏమప్పా, మేకల నీళ్లు గడ్డకడితే ఇంజిను పగులుతాదా? ఇనుమది, సీసా కాదు. మీ గోదారోళ్లకు నీళ్లు కనపడితే చాలు, కెలకల్లనిపిస్తాది.” చుట్టూ ఉన్న డ్రైవర్లు నవ్వారు. ఆ నవ్విన వాళ్లలో ఎవరెవరున్నారో ఇప్పటికీ చెప్పగలను. ఇంజిన్లు ముట్టుకోవద్దని కూడా భాయ్ అన్నారు.

నేను ముట్టుకున్నాను. ఆ రోజే మధ్యాహ్నం ఆయన సామాన్ల కోసం హవల్లీ వెళ్లగానే రెండు ఇంజిన్ల బిరడాలూ విప్పేశాను. పెద్ద పడవలోంచి నీళ్లతో పాటు సన్నని మంచు పెళ్లలు జారాయి, వాటిని అరచేతిలో చూసి ఒక్కడినే నవ్వుకున్నాను. బిరడాలు లేవని మరిచి ఎవరైనా తాళం తిప్పితే ముప్పు కదా, అందుకని అక్క పాత దిండుగలీబు చింపి రెండు సంచులు కుట్టి ఇచ్చింది. తాళం తిప్పే చెయ్యికి తగిలేలా స్టీరింగులకు కట్టాను.

సాయంత్రం భాయ్ వచ్చి పెద్ద పడవలో సంచి చూశారు. నన్ను ఎదురుగా నిలబెట్టి, బిరడాలు బిగించి, మళ్లీ గొట్టం పెట్టి నిండుగా మంచినీళ్లు పట్టారు. “సూడు, ఇంజిను ఇట్ల పెడ్తారు,” అన్నారు. చీకటి పడటంతో చిన్న పడవ సంగతి రేపు చూద్దామని వెళ్లిపోయారు. ఆ రాత్రి ఉత్తరపు గాలి గుడారాల తాళ్లను తెంపేంతగా వీచింది.

మర్నాడు శుక్రవారం. బాబా కొడుకు స్నేహితులతో సముద్రానికి వెళ్లాలని వచ్చాడు. బయలుదేరే ముందు చూద్దామని పెద్ద పడవకు గొట్టం తగిలించి తాళం తిప్పితే, ఇంజిను పక్కన వెంట్రుకంత పగులులోంచి నీళ్లు చిమ్మాయి. నూనె తీసి చూస్తే నీళ్లు కలిసి పాలు పోసిన టీలా ఉంది. భాయ్ వెంటనే నా వైపు వేలు చూపారు. “నిన్న బిరడాలు పీకింది వీడే బాబా, నేను కండ్లారా సూసినా,” అని తెలుగులో మొదలుపెట్టి అరబీలో ముగించారు. బాబా నన్ను చూడకుండానే ఖలాస్ అన్నారు, బ్యాగు సర్దుకోమని గది వైపు చెయ్యి చూపారు. నన్ను ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా, నా పని, మా ఇంటి పొయ్యి, అన్నీ ఆ చెయ్యి చూపిన దిక్కున పోతున్నాయి.

బ్యాగు తెచ్చి గది బయట పెట్టి, ఆ చిన్న పడవ ఒక్కటి నడిపి చూపించి పోతానని వచ్చీరాని అరబీలో బతిమాలాను. సంచి విప్పి బిరడాలు బిగించాను. గొట్టం పెట్టి తాళం తిప్పాను. మొదటి తిప్పుకే అందుకుంది! ఆ చప్పుడు విన్న ఆనందం నాకు మళ్లీ ఏ ఇంజినూ ఇవ్వలేదు. అప్పుడే అక్క పిండి చేతులతో వచ్చి, తాను మామా అని పిలిచే యజమానురాలికి తన వంటింటి అరబీలో, పెద్ద పడవలో మళ్లీ నీళ్లు నింపింది ఎవరో, చిన్నదాన్ని ఖాళీగా ఉంచింది ఎవరో విడమరిచి చెప్పింది. బాబా తొట్టి దగ్గరకు నడిచి వెళ్లి, రాత్రి మళ్లీ పేరిన మంచును వేలితో నొక్కి చూసి, నా బ్యాగును కాలితో గది లోపలికి తోశారు. అదే నాకు దక్కిన తీర్పు.

తప్పు నీది కాదని ఎవరూ నోరు తెరిచి అనలేదు. మరుసటి చలికాలం భాయ్ తానే అందరినీ పిలిచి, బిరడాలు విప్పి స్టీరింగుకు కట్టండప్పా అని ఆజ్ఞ వేశారు. చుట్టుపక్కల తోటలవాళ్లు కూడా ఆయన దగ్గర నేర్చుకున్నారు. నేను వెనక నిలబడి సంచులు అందించాను.

ఇప్పుడు చలి ఎంతో ఫోను చెబుతోంది, కొత్త ఇంజిన్లలో గడ్డకట్టని ద్రవం పోస్తున్నారు, పొద్దున్నే లేచి మేకల తొట్టి చూసేవాళ్లు లేరు. అక్క ఊరెళ్లిపోయింది, మోకాళ్ల నొప్పులట. అయినా పాత ఇంజిన్లున్న ప్రతి పడవలో ఆ సంచి ఇంకా వేలాడుతూనే ఉంది. ఆ గలీబుకు నీలం పూలుండేవని తెలిసినవాళ్లం ముగ్గురమే మిగిలాం, అక్క, నేను, భాయ్ మీరు.

భాయ్, మీరు రాయచోటి నుంచి రోజూ పొద్దున్నే గుంపులో గులాబీ పువ్వు పెడుతున్నారు, కాబట్టి ఫోను మీ చేతిలోనే ఉంది. ఇంజిను చప్పుడు వినడం నేర్పింది మీరని నేను పదిమందిలో రాశాను, పైన చదువుకోండి. రేపు ఆ పువ్వు వద్దు. మొదట ఆ బిరడాలు విప్పింది ఎవరో ఒక్క పేరు రాయండి.