బొమ్మలక్క నిచ్చెన

శాసనసభ తోటలో పదకొండు విగ్రహాలున్నాయి. పదిమంది నాయకులు, ఒక గుర్రం. వీళ్ళందరికీ ఇరవై రెండేళ్ళుగా తలంటు పోస్తున్నది బొమ్మలక్కే. బతికున్నప్పుడు ఎవరి మాటా వినని పెద్దమనుషులు ఆవిడ ముందు మాత్రం నోరెత్తరు. "ఊళ్ళో కాకులన్నిటికీ మీ నెత్తే దొరికిందా బాబూ" అని విసుక్కుంటూనే నిచ్చెనెక్కి చెవుల వెనక దాకా తోముతుంది. గుర్రమంటే కాస్త ఇష్టం. పాపం, అదెప్పుడూ ఉపన్యాసమివ్వలేదు.

వీళ్ళలో ఒక్క ఆడమనిషీ లేదని సభకు ఎన్నాళ్ళకో గుర్తొచ్చింది. ఊళ్ళో సగంమందికి పురుడుపోసిన మంత్రసానికి విగ్రహం పెడదామన్నారు. ఆ మంత్రసాని బొమ్మలక్క తల్లి. పోయి ముప్పై ఏళ్ళయింది. ఒక్క ఫొటో కూడా లేదు. అమ్మ ముఖం మళ్ళీ చూడొచ్చని బొమ్మలక్క ఎంతో ఆశపడింది.

ఆశపడితే సరా? "మా పేటలో మంత్రసానులు లేరా? ఆవిడ ముఖమే ఎందుకు?" అని ఎదుటిపక్షం నుంచి ఒకాయన లేచాడు. ఆయన్ని భూమ్మీద పడేసిందీ ఆవిడే! మూడు సమావేశాలు కొట్టుకుని, చివరికి పామూ చావకుండా కర్రా విరగకుండా రాజీపడ్డారు. విగ్రహం పెడతారు. పేరు వెయ్యరు. కింద నిలబడి చూసేవారికి ముఖం కనబడకూడదు.

బొమ్మలక్కకు ఒళ్ళు మండింది. ఆ రోజు నాయకులందరినీ సబ్బు లేకుండానే బరబరా తోమేసింది.

తోటలో కొలతలు తీసుకుంటున్న శిల్పి అది చూసి, "ఏంటమ్మా, వాళ్ళ మీద అంత కోపం?" అన్నాడు. ఆవిడ అంతా చెప్పింది.

"మీ అమ్మ ఎలా ఉండేది?"

"నా ముక్కు ఆవిడదేనండీ. గడ్డం మీద పుట్టుమచ్చ. నవ్వితే ఎడమకన్ను చిన్నదైపోయేది."

శిల్పి రాజీకాగితం మళ్ళీ చదివాడు. "ఇందులో కింద నిలబడినవాళ్ళ సంగతే ఉంది. ఈ నిచ్చెన ఎవరెక్కుతారు?"

"నేనే. ఇంకెవరికి పట్టిందండీ!"

ఆవిష్కరణనాడు రెండు పక్షాలూ విగ్రహం చుట్టూ మూడుసార్లు తిరిగాయి. ఆ ఎదుటిపక్షంవాడైతే గొంతుక్కూర్చుని మరీ చూశాడు. ఒక ఆడమనిషి పసిబిడ్డను రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంది. బిడ్డ అడ్డం, తలగుడ్డ అడ్డం. ముఖం కనబడలేదని అందరూ తృప్తిగా చప్పట్లు కొట్టారు.

సోమవారం బొమ్మలక్క బకెట్టుతో నిచ్చెనెక్కి, బిడ్డ తల పైనుంచి తొంగిచూసింది. అమ్మ నవ్వుతోంది. ఎడమకన్ను చిన్నదయింది. బుగ్గ మీద అప్పుడే కాకిరెట్ట.

బొమ్మలక్కకు ఏడుపాగలేదు. ముక్కు చీదుకుని, గుడ్డ తడిపింది.

"కళ్ళు మూసుకో అమ్మా, సబ్బు మండుతుంది."