ఎర్ర డబ్బా, వంకాయరంగు డబ్బా

మా అత్తమ్మకు మేమిద్దరం కోడళ్ళం. పెద్దకోడలిని నేను. బోధన్‌లో ఇంటి ముందు గదిలో మిషన్ వేసుకుని జాకెట్లు కుడతాను, చీరలకు ఫాల్ వేస్తాను. నా తోడికోడలు నిజామాబాద్‌లో ఒక బట్టల దుకాణంలో బిల్లులు కొడుతుంది. అత్తమ్మ కొన్నాళ్ళు మా దగ్గర, కొన్నాళ్ళు వాళ్ళ దగ్గర ఉంటుంది.

ఆమెకు ఒక పట్టింపు. ఒక కోడలికి ఏది కొంటే రెండో కోడలికీ అచ్చం అదే కొనాలి. చీరయితే అదే రంగు, అదే అంచు. స్టీలు గిన్నెయితే అదే సైజు. ఒకసారి రెండు చీరల్లో ఒకదాని కొంగు మీద పువ్వు కాస్త పెద్దగా ఉందని మళ్ళీ దుకాణానికి పోయి మార్పించుకొచ్చింది. పెళ్ళిళ్ళలో మమ్మల్ని ఒకే చీరలో చూసి, తెలియనివాళ్ళు అక్కాచెల్లెళ్ళా అని అడిగేవారు. అలా మాత్రం ఉండేవాళ్ళం కాదు. మా మధ్య గొడవేమీ లేదు. కానీ వాళ్ళింట్లో అడుగు పెట్టగానే కొత్తగా ఏం కొన్నారా అని నా కళ్ళు వెతికేవి. మా ఇంటికి వస్తే తన కళ్ళూ అదే పని చేసేవి.

ఇద్దరికీ ఒక్కొక్క కూతురు. తన కూతురు నా కూతురికంటే ఏడాది పెద్ద.

ఆ ఎండాకాలం మస్కట్ నుంచి మా ఆడబిడ్డ సెలవు మీద వచ్చింది. మేనకోడళ్ళిద్దరికీ చేతిలో పట్టుకుని ఆడుకునే గేమ్ మిషన్లు తెచ్చింది. రెండూ ఒకే రకం, ఒకే రంగు. వాటిలో వేసుకునే ఆట మాత్రం వేర్వేరు డబ్బాల్లో ఉంది. ఒకటి ఎర్రది, ఒకటి వంకాయరంగుది. ఎర్ర డబ్బా మీద ఎర్ర జంతువు బొమ్మ, రెండోదాని మీద వంకాయరంగు జంతువు బొమ్మ. అత్తమ్మ రెండింటినీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది.

"గిదేందే, రంగులు వేరుంటయా?" అని కూతుర్ని అడిగింది.

"లోపల ఆట ఒకటేనే అవ్వా. పైన రంగే వేరు," అంది ఆడబిడ్డ.

రంగు కోసం పిల్లలు కొట్లాడుకోలేదు. నా కూతురు ఎర్రది తీసుకుంది, వాళ్ళ అక్క రెండోది తీసుకుంది. ఆడబిడ్డ మస్కట్ వెళ్ళిపోయింది. అప్పటిదాకా అంతా బాగానే ఉంది.

ఆట సంగతి నాకు అర్థమైనంత వరకు చెప్తాను. ఆడే పిల్ల ఒక దేశమంతా తిరుగుతుంది. గడ్డిలో, చెరువుల దగ్గర, గుట్టల మీద వింత జంతువులు కనిపిస్తాయి. వాటిని పట్టుకోవాలి, సాకాలి, పోటీల్లో దింపాలి. సాకిన కొద్దీ అవి పెద్దవై రూపం మారుతాయి. అన్ని రకాలనూ కూడబెట్టడమే ఆట. నా కూతురు బడి నుంచి రాగానే నా మిషన్ పక్కన చాప మీద బోర్లా పడుకుని ఆడేది. రోజూ సాయంత్రం అక్కాచెల్లెళ్ళు నా ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళు. నేను జాకెట్ కుడుతూ వినేదాన్ని.

ఒక సాయంత్రం మాటలు వేరే దారి పట్టాయి.

"మేడమే అక్కా. తెల్లకోటు ఏస్కుంటది. గిప్పుడే మాట్లాడిన," అంటోంది నా కూతురు.

"మేడమ్ ఎక్కడిది? సారు గదా. గడ్డముంటది," అంటోంది అవతలి పిల్ల.

"నువ్వు అబద్ధం చెప్తున్నవ్."

"నువ్వే చెప్తున్నవ్."

నా కూతురు ఫోన్ పెట్టేసి, "అక్కకు అబద్ధాలు బాగ అలవాటైనయి మమ్మీ," అంది. ఆటలో ఆ జంతువుల మీద పరిశోధన చేసే మనిషి ఒకరున్నారట. నా కూతురి ఆటలో ఆమె ఆడమనిషి. నాకు తెచ్చి చూపించింది. నిజమే, ఆడమనిషే. ఆ పిల్ల సరిగ్గా చూసి ఉండదులే అన్నాను.

మర్నాడు మళ్ళీ గొడవ. ఈసారి ఒక జంతువు గురించి. అది తనకు ఊరి బయటే దొరికిందని అక్క అంటోంది. తను అదే చోట మూడు రోజులు తిరిగానని, అక్కడ అది లేనే లేదని నా కూతురు అంటోంది. నా కూతురి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను ఫోన్ తీసుకుని తోడికోడలిని పిలవమన్నాను.

"చెల్లె, మీ దాంట్ల గా పరిశోధన చేసేది సారా, మేడమా?"

"సారే అక్కా. నేను నా కండ్లతోని సూశిన."

"మా దాంట్ల మేడమ్. నేనూ సూశిన."

శుభకార్యాలకు పిలవడానికి తప్ప మేమిద్దరం ఫోన్లో మాట్లాడుకోవడం అదే మొదలు. "బువ్వ తిన్నరా?" అని అడిగి పెట్టేశాను.

బస్టాండ్ దగ్గర ఫోన్లు బాగుచేసే దుకాణానికి ఎర్ర డబ్బా పట్టుకుని వెళ్ళాను. దుకాణం అతను డబ్బా తిప్పి చూశాడు, లోపలి చిన్న చిప్పు తీసి గోటితో గీకి చూశాడు. "రెండిట్ల ఒకటి డూప్లికేట్ అయ్యుండొచ్చక్కా," అన్నాడు.

"ఏది?"

"గది నాకెట్ల తెలుస్తది? రెండోది నేను సూడలేగద."

ఇంటికి వచ్చి ఆ ముక్క చెప్పడం పొరపాటైంది. ఆ నెల అత్తమ్మ మా దగ్గరే ఉంది. వెంటనే మస్కట్‌కు ఫోన్ చేయించింది.

"ఒక పోరికి అస్సలుది, ఒక పోరికి నకిలీది తెచ్చినవా? ఎవరి దాంట్ల తక్కువున్నయో జెప్పు."

పాపం ఆడబిడ్డ సంజాయిషీ మొదలుపెట్టింది. "రెండూ ఒకటే దుకాణంల, ఒకటే ధరకు కొన్ననే. నేను ఎర్రయే రెండు ఇయ్యమన్న. దుకాణపాయన ఇంట్ల ఇద్దరు పిల్లలుంటే గట్ల కొనద్దు, తలా ఒక రంగు తీస్కపో, గట్లయితెనే మంచిగ ఆడుకుంటరు అన్నడు. ఆయన చెప్పినట్టే తెచ్చిన."

"ఇద్దరు పిల్లలుంటే ఒక్కతీర్గ ఇయ్యాలె గని, వేరువేరుగ ఇయ్యమన్నడా?" అంది అత్తమ్మ. ఫోన్ పెట్టేశాక నా వైపు తిరిగి, "వాడేం దుకాణపోడే?" అంది.

నాకూ అదే అనుమానం. రెండూ ఒకటి కాదని అమ్మేవాడికి తెలుసు, చేసినవాడికీ తెలుసు. అంటే కావాలనే ఏదో ఒకదాంట్లో కొన్ని జంతువులు తీసేసి అమ్ముతున్నారు. జాకెట్ కుట్టి ఒక చెయ్యి పెట్టకుండా ఇస్తే నా దగ్గరికి ఇంకెవరైనా వస్తారా? ఆ రాత్రి కూతుర్ని కూర్చోబెట్టి అడిగాను.

"నీ దాంట్ల తక్కువున్నయా, అక్క దాంట్లనా?"

అది అప్పటికే బళ్ళో ఎవరినో అడిగి తెలుసుకుంది. "తక్కువ గాదు మమ్మీ. నా దాంట్ల ఉన్నయి కొన్ని అక్క దాంట్ల లెవ్వు. అక్కయి కొన్ని నాకు లెవ్వు. మార్చుకోవాలె."

"అన్నీ ఒక్కదాంట్లనే ఎందుకు పెట్టలే?"

"ఏమో. గట్లనే ఉంటది."

మార్చుకోవడానికి ఇద్దరూ మిషన్లు పట్టుకుని పక్కపక్కన కూర్చోవాలట. ఆదివారం నేను, అత్తమ్మ, నా కూతురు నిజామాబాద్ బస్సెక్కాం. ఎడపల్లి దాటేదాకా నా కూతురు ఏది ఇవ్వాలో ఏది ఇవ్వకూడదో లెక్క వేసుకుంటూనే ఉంది. చివరికి ఒకదాన్ని చూపించింది. పొట్టిగా, గుండ్రంగా, పెద్ద కళ్ళతో ఉంది. ఆట మొదట్లోనే దొరికిందట. దానికి పేరు కూడా పెట్టింది. "ఇది అక్కకు లేదు. ఒక్కసారి ఇస్త. అక్క సూశినంక మల్ల తీస్కుంట," అంది.

వాళ్ళింట్లో నా తోడికోడలు చాయ్ పెట్టింది. పిల్లలు మంచం మీద కూర్చున్నారు. ఇద్దరి మిషన్ల మీద ఏదో తిరిగింది. ముందు నా కూతురు కేక వేసింది. ఊరి బయట వెతికి వెతికి దొరకని ఆ జంతువు దానికి వచ్చేసింది. మా అందరికీ చూపించింది. అత్తమ్మ కూడా కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, "మంచిగుంది," అంది.

ఇంతలో అవతలి పిల్ల, "అయ్యో, ఇది మారుతుంది," అంది.

నా కూతురు అక్క చేతిలోని తెర మీదికి వంగింది. తను ఇచ్చిన పొట్టి జంతువు చుట్టూ తెల్లటి వెలుగు వచ్చి, అది పోయేసరికి అక్కడ పొడుగ్గా, కొమ్ములతో, సన్నటి కళ్ళతో వేరేది నిలబడి ఉంది. తర్వాత తెలిసింది, కొన్ని జంతువులు ఎంత సాకినా మారవట. ఒకరి దగ్గరి నుంచి ఇంకొకరి దగ్గరికి వెళ్తేనే మారతాయట. అప్పటికి ఆ సంగతి ఇద్దరికీ తెలియదు.

"వాపస్ ఇయ్యి," అంది నా కూతురు.

అక్క వెంటనే ఇచ్చేసింది. బదులుగా ఏదో ఒకటి పుచ్చుకోవాలి కాబట్టి నా కూతురి దగ్గరి పనికిరాని దాన్నొకదాన్ని తీసుకుంది. వెళ్ళినది తిరిగి వచ్చింది. పేరు నా కూతురు పెట్టిన పేరే. రూపం మాత్రం కొమ్ములదే. మళ్ళీ పొట్టిది కాలేదు. నా కూతురు మిషన్‌ను మంచం మీద పెట్టి, గోడ వైపు తిరిగి ఏడవడం మొదలుపెట్టింది.

"గది బలంగైంది. మంచిదే గదా," అంది అక్క.

"నేను గట్ల చెయ్యమన్ననా?"

అత్తమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కాజేసిన వాళ్ళెవరో తెలిస్తే తిట్టడానికి ఆమె సిద్ధంగానే ఉంది. "ఇచ్చింది వచ్చిందా?" అని అడిగింది. వచ్చిందన్నాం. "ఇగ ఏడుపెందుకు?" అంది.

తోడికోడలు నన్ను వంటింట్లోకి పిలిచింది. చాయ్ పొంగి పొయ్యి మీద పడింది, ఆమె తుడవలేదు.

"అక్కా, మా పిల్లది ఏమన్న తప్పుందా? నిజంగ నాకు సమజైతలేదు."

"నాకు సమజైతే గద చెల్లె నీకు చెప్పేది," అన్నాను.

అంటూనే నాకు నవ్వొచ్చింది. తనూ నవ్వింది, గట్టిగా నవ్వితే పిల్ల వింటుందని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెళ్ళయి వచ్చిన ఇన్నేళ్ళలో ఆ వంటింట్లో నేను ఏ వస్తువు కొత్తదో చూడకుండా నిలబడింది ఆ రోజే. ఇద్దరం స్టవ్ పక్కన నిలబడే మిగిలిన చాయ్ తాగాం. దుకాణంలో నిలబడి నిలబడి తన కాళ్ళు వాస్తున్నాయని చెప్పింది. నాకు ఆ సంగతి తెలియదు.

తిరుగు బస్సులో నా కూతురు మిషన్ బయటికి తీయలేదు. వారం రోజులు అలమారాలోనే ఉంచింది. కొత్తగా వచ్చిన జంతువును కూడా చూడలేదు. మిషన్ పాడైందేమోనని మా ఆయన అడిగాడు. పాడవలేదని చెప్పాను, అసలేమైందో చెప్పడం నా వల్ల కాలేదు. పొట్టిది పోయిందనాలా? పోలేదు. మారిందనాలా? మారితే అందరూ సంతోషిస్తారు కదా. మిగతావి పెద్దవైనప్పుడల్లా నా కూతురే కదా చప్పట్లు కొట్టింది.

ఒక సాయంత్రం అది మళ్ళీ చాప మీదికి వచ్చింది. కొమ్ముల జంతువును వెంటబెట్టుకుని ఏదో చెరువు గట్టు మీద నడుస్తోంది.

"అలవాటైందా?" అని అడిగాను.

"లేదు మమ్మీ. ఇది ఎట్లుంటదో సూస్తున్న."

"పేరు మారుస్తవా?"

"ఎందుకు మారుస్త? దాని పేరు గదే," అంది, నేనేదో తెలివితక్కువ మాట అన్నట్టు చూసి.

కాసేపటికి నా ఫోన్ అడిగింది. తనకు ఇంకో రెండు జంతువులు లేవట, అవి వంకాయరంగు డబ్బాలోనే ఉన్నాయట. దసరా సెలవుల్లో అక్క దగ్గరికి పోయి నాలుగు రోజులు ఉంటానంది. రెండు జంతువులు మార్చుకోవడానికి నాలుగు రోజులు ఎందుకో నేను అడగలేదు. ఫోన్ ఎత్తింది తోడికోడలు. "చెల్లె, కాళ్ళ వాపు తగ్గిందా?" అని అడిగాను. నా కూతురు ఫోన్ కోసం చెయ్యి చాపి నిలబడే ఉంది.