మా మేనత్తకు పెట్టలేకపోయిన పళ్లు

ఆదివారం పొద్దున చర్చికి తయారవుతుంటే తాండూర్ నుంచి బావ ఫోన్ చేశాడు. "అమ్మ లేస్తలేదు" అన్నాడు. నేను ఏమైందనేలోపే, "పోయింది" అన్నాడు. మా మేనత్త నిద్రలోనే వెళ్లిపోయింది. ఏడుపు కంటే ముందు నాకు గుర్తొచ్చింది ఒక్కటే: గురువారం ఆమెకు పళ్లు పెట్టాలి. ల్యాబ్ నుంచి అవి వచ్చి నా క్లినిక్‌లోనే ఉన్నాయి.

నేను వికారాబాద్‌లో పళ్ల డాక్టర్ని. ఇంటర్ చదివిన రోజుల్లో తాండూర్‌లో అత్త ఇంట్లోనే ఉన్నాను. మామ అప్పటికే లేడు. అత్త నాపరాళ్ల పాలిష్ పనికి పోయి, సాయంత్రం తలలో పడ్డ రాతిపొడి దులుపుకుని, బావకూ నాకూ జొన్నరొట్టెలు చేసేది. పరీక్షల భయంతో నేను ఏడిస్తే రొట్టె తిప్పుతూనే అనేది: "ఏడుసుకుంటనన్న సదువు బిడ్డా, ఉత్తగ ఏడిస్తె ఏమొస్తది?" ఇప్పటికీ భయమేస్తే నాకు ఆ మాటే వినపడుతుంది.

నేను డాక్టర్నయ్యేనాటికే ఆమె కుడివైపు పై దవడలో వెనక పళ్లన్నీ పోయాయి. రొట్టెను పప్పులో నానబెట్టి ఎడమవైపు నమిలేది. పోయినేడు ఒకరోజు క్లినిక్‌కి వచ్చి అడిగింది.

"తీసి పెట్టుకునే పళ్లు చేసియ్యి బిడ్డా. రొట్టె నమలొస్తె సాలు."

అవి చేసి ఉంటే నెల తిరక్కముందే ఆమె నోట్లో ఉండేవి. నేను ఒప్పుకోలేదు. "రాత్రిపూట తీసి గిన్నెల పెట్టుకునుడు నీకెందుకత్తా? కదలని పళ్లు పెడత" అన్నాను. అందులో ప్రేమ ఉంది. కొత్తగా నేర్చుకున్న పని చేసి చూడాలన్న ఉబలాటమూ ఉంది. ఏది ఎంతో ఈ రోజుకీ తేల్చుకోలేకపోతున్నాను.

ఆ పని గురించి కాస్త చెప్పాలి. పై దవడలో వెనక పళ్ల మీద సైనస్ అనే గాలి గది ఉంటుంది. పళ్లు పోతే కొన్నేళ్లకు ఆ గది కిందికి దిగుతుంది, ఎముక పలచబడుతుంది. కదలని పన్నుకు వేరులా ఎముకలో బిగించే స్క్రూకు, అంటే ఇంప్లాంట్‌కు, చోటుండదు. అలాంటప్పుడు పక్కనుంచి ఎముకలో కిటికీలా కోసి, గది అడుగున ఉన్న పొరను ఎత్తి, కింద ఎముక పొడి నింపుతారు. ముఖం బాగా వాస్తుంది. ఇప్పుడు కొందరికి అంత కోత అక్కర్లేదు. ఇంప్లాంట్ కోసం చేసే సన్నని రంధ్రంలోంచే ఆ పొరను మెల్లగా పైకి జరపవచ్చు. పొర మాత్రం కోడిగుడ్డు పెంకు లోపల ఉండే పొరలా పలచన.

అత్తకు ఇదంతా చెప్పాను. "సినిగితె?" అంది.

"ఆపేస్త. మానినంక మల్ల చూస్తం."

"ఇంతకుముందు ఎవ్వరికన్న చేసినవా?"

"ఈ పని నేర్పిన మా సార్ పక్కన నిలబడి చేయించిండు. ఒక్కదాన్నే చేసుడు ఇదే మొదలు."

అత్త నవ్వింది. "మంచిదే. పరాయోల్లకైతె ఫికర్ పడుతవు. నాకే చెయ్యి."

స్కాన్ చూసి సార్ సరేనన్నాక మొదలుపెట్టాను. సన్నని పరికరాన్ని చిన్న సుత్తితో కొద్దికొద్దిగా తట్టాలి. మత్తు ఇస్తాం కనుక నొప్పి తెలియదు కానీ ఆ అదురు తలంతా తెలుస్తుంది. ఆమె కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. "అత్తా, జరసేపు ఆపాల్నా?" అంటే, కానియ్యమన్నట్టు చెయ్యి ఊపింది. పొర చిరగలేదు. పొడి నింపి ఇంప్లాంట్ బిగించాను. అయిపోయాక లేచి కూర్చుని, "గనిల బండ కొట్టినట్టె కొడితివి గదనే" అంది. మర్నాడే బండెక్కి ఇంటికి పోయింది.

పొర మీద ఒత్తిడి పడకుండా ముక్కు చీదొద్దనీ, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మమనీ చెప్పాను. అవి కందులు నూర్చే రోజులు, తాండూర్ అంతా దుమ్ము. చర్చిలో అందరూ కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉండగా అత్త నోరంతా తెరిచి తుమ్మిందట. అందరూ తిరిగి చూస్తే, "మా డాక్టరమ్మ గిట్లనే తుమ్మమన్నది" అని గట్టిగా చెప్పిందట.

తర్వాత ఎదురుచూపులు. పొడి నింపిన చోట ఎముక గట్టిపడాలంటే నెలలు పడుతుంది. అందాకా వాడుకోవడానికి తీసి పెట్టుకునేవి ఇవ్వనా అని ఒకసారి అనుకున్నాను. కొత్త ఎముక మీద ఒత్తిడి పడుతుందేమోనని నేనే మానుకున్నాను. ఆమె ఫోన్ చేసి చుట్టం గురించి అడిగినట్టు అడిగేది: "ఎముక వచ్చిందా బిడ్డా?"

చివరిసారి వచ్చినప్పుడు ఎక్స్‌రేలో ఎముక బాగా కనిపించింది. సార్‌కి పంపితే, "పళ్లు ఇప్పుడే పెట్టొచ్చు, నీకు అనుమానముంటే ఇంకో నెల చూడు" అన్నారు. నేను పళ్లకు కొలతలు మాత్రం తీసుకుని, నెల ఆగుదామన్నాను. ఆ నెల నిండేది ఈ గురువారమే.

"ఆగుత తియ్" అంది అత్త. "తొందరపడి ఖరాబైతె నీ పేరు పోతది."

ఆమె నా పేరు గురించి ఆలోచించింది. ఆ రోజు నేను ఆలోచించిందీ దాని గురించేనేమో.

సమాధుల తోట నుంచి తిరిగొచ్చాక అత్త కోడలు నా పక్కన కూర్చుంది. "గురువారం నీ దగ్గరికెల్లి వచ్చినంక రొట్టెలు చేసుకుందమన్నది అక్కా. శనివారమే జొన్నలు పట్టిచ్చింది" అని చెప్పింది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే తట్టుకోలేకపోయాను.

"బావా, ఆమె అడిగినయే చేసిస్తె ఇన్ని దినాలు తినేది" అన్నాను.

బావ "తినేది" అన్నాడు. మళ్లీ తనే, "నీ దగ్గరికొచ్చే దినమైతె తెల్లారకముందే తయారై కూసునేది. అది గుడ నిజమే" అన్నాడు.

ఆ రెండో మాట పట్టుకుని ఊరుకోవాలని చూశాను. మొదటిది వదల్లేదు. ఇప్పుడు క్లినిక్‌కి ఎవరొచ్చినా ఏం తినాలనుందని ముందు అడుగుతున్నాను. అడిగిన ప్రతిసారీ ఆమె తానే చెప్పినా వినలేదన్న సంగతి గుర్తొస్తుంది.

అత్తను సమాధి చేసిన ఆ సాయంత్రం తాండూర్‌లో వికారాబాద్ బండెక్కాను. ఎదురు సీట్లో ఒక ముసలామె ఉడకబెట్టిన పల్లికాయ ఒళ్లో పోసుకుని తింటోంది. ఆ దవడా ఈ దవడా తీరిగ్గా నములుతోంది. నేను చూపు తిప్పుకోలేకపోయాను. ఆమెకు మరోలా అర్థమైనట్టుంది.

"ఆకలైతుందా బిడ్డా?" అంటూ గుప్పెడు తీసి చెయ్యి చాపింది.

వద్దనలేకపోయాను. ధారూర్ దాటేదాకా ఆమె ఒలుస్తూనే ఉంది, గింజలు నా అరచేతిలో పెడుతూనే ఉంది.