వాడి కొలతకు వేసిన ముడి

వాడి భుజాలు గుర్తొస్తే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. ఇద్దరికీ మనవలు పుట్టారు, ఆ భుజాలు ఎప్పుడో వంగిపోయాయి, అయినా మండుతుంది. ఒక్కొక్కరికి ఒక్కో రోగం ఉంటుంది. నాకు వాడున్నాడు.

బీదరు గంజ్‌లో మాకు నూనెల దుకాణం ఉండేది. మా వీధి చివరి ఇల్లు వాళ్ళది. క్రైస్తవులు, తండ్రి బడిపంతులు. మా లాగే వాళ్ళూ ఇంట్లో తెలుగే మాట్లాడేవారు. నాకంటే చిన్నవాడు కాబట్టి నోరారా అన్నా అని పిలిచేవాడు. ఆ పిలుపు విన్నా నాకు ఒళ్ళుమంటే. ఇద్దరం పాత ఊళ్ళోని తాలీంకు వెళ్ళేవాళ్ళం. తాలీం అంటే మట్టి పరిచిన గది, తిప్పడానికి రెండు కర్ర ముద్గర్లు, ఇనుప దిమ్మెలు, ఒక ఉస్తాదు, అంతే. నేను దుకాణంలోని బాదం పప్పులు పాలలో నూరుకుని తాగేవాణ్ణి. మా ఇంట్లో గుడ్డు అన్న మాట కూడా పనికిరాదు. వాడు మాత్రం పొద్దున్నే రెండు జొన్నరొట్టెలు, నాలుగు గుడ్లు లాగించి వచ్చేవాడు. వాడి కండ రొట్టెలా పొంగేది. నాది బాదం తిన్నట్టే ఉండేది కాదు. దేవుడికి పక్షపాతం లేదనేవాళ్ళను ఆ తాలీంలో ఒక వారం కూర్చోబెట్టాలి.

మైసూరు రాష్ట్రం పేరు కర్ణాటకగా మారిన కొత్తలో ఊళ్ళో దేహదారుఢ్య పోటీ పెట్టారు. పోటీకి ముందు మా తాలీంలో ఒక పద్ధతి ఉండేది. ఎవడికి వాడు ఒక నల్లదారం తెచ్చుకుని దానికి మూడు ముళ్ళు వెయ్యాలి. మొదటి ముడి ఒంటి కొలతకు, అంటే దండచెయ్యి ఎంత లావు కావాలో దారం మీద అక్కడ ముడి. మిగతా రెండూ మనసులో ఏది అనుకుంటే దానికి. మట్టి మీద చెయ్యి పెట్టి ఆ మూడూ పైకి చెప్పి, దారాన్ని గోడ మేకుకు తగిలించాలి. ఏది నెరవేరితే ఆ ముడిని ఉస్తాదే విప్పేవాడు. కప్పు జడ్జీల చేతిలో ఉంటుంది, దానికి ముడి వెయ్యొద్దు, మీ చేతిలో ఉన్నదానికే వెయ్యండి అని ఆయన తన దక్కనీ ఉర్దూలో ప్రతిసారీ చెప్పేవాడు.

ముందు వాడు చెప్పాడు. "నా దండ ఈ ముడి దాకా రావాలె. స్టేజీ మీద చేతులు వణకొద్దు. మూడోది, మా అమ్మ వచ్చి ముందటి కుర్చీల కూసోవాలె."

నాకు నవ్వొచ్చింది. వాళ్ళమ్మకు చర్చి తప్ప వేరే లోకం లేదు. కొడుకు నలుగురి ముందు చడ్డీతో నిలబడటం ఆమెకు తలవంపులు. రాదు గాక రాదు. పైగా ఇదీ ఒక గురేనా అనుకున్నాను.

నా వంతు వచ్చింది. వాడి దారం మేకు మీంచి తీసి నా దారం పక్కన పెట్టి, వాడి ముడికి ఒక వేలు అవతల నా దారానికి ముడి వేశాను. వాడికంటే ఎక్కువసేపు కండ బిగించి నిలబడతానన్నాను. వాడికంటే ముందు నా పేరు పిలవాలన్నాను. ఉస్తాదు గడ్డం గోక్కుంటూ విన్నాడు. నీవి మూడు కావు, ఒక్కటే, అదీ వాడి దారం చూసి వేశావు, ఆ రోజు వాడికి జ్వరమొస్తే ఏం చేస్తావని అడిగాడు. గెలుస్తానని చెప్పాను. అందరూ నవ్వారు, వాడు కూడా. నేను నవ్వలేదు.

పోటీ రోజు బడి మైదానంలో పందిరి వేశారు. వేదిక మీది గుడ్డకు మైసూరు అన్న అక్షరాల మీద సున్నం పూసి కర్ణాటక అని రాశారు, అయినా పాతపేరు కనిపిస్తూనే ఉంది. కుసుమ నూనె మా దుకాణం నుంచే తెచ్చాను. ఎవడి వీపు వాడికి అందదు కాబట్టి ఒకరికొకరు నూనె రాసుకోవాలి. వాడి వీపు నా వంతుకు వచ్చింది. ఆ వీపు రాసినకొద్దీ అయిపోదే! అరచేతులకు తగిలే ప్రతి కండనూ లెక్కపెట్టాను. మా అంగడి నూనెతో వాణ్ణి నేనే మెరిపిస్తున్నానే అని ఏడుపొచ్చినంత పనైంది.

దండ కొలతలోనూ, కండ బిగించి నిలబడటంలోనూ వాణ్ణి దాటాను; మా బరువు తరగతిలో మొదట నా పేరే పిలిచారు. వాడిది మూడోది. కప్పు చేతిలోకి రాగానే జనాన్ని చూడలేదు, వాడి ముఖం కోసం వెతికాను. వాడిపోయిన ఆ ముఖం చూడాలనే కదా అన్నాళ్ళు మట్టిలో దొర్లింది.

వాడు వేదిక వెనక గొంతుక్కూర్చుని ఉన్నాడు. రాదనుకున్న వాళ్ళమ్మ ముందటి కుర్చీలోంచి లేచి వచ్చి, తెల్ల చీర కొంగుతో వాడి వీపు మీది నూనె తుడుస్తోంది. తుడుస్తూ తిడుతోంది. చీర ఖరాబైందని, దిష్టి తగులుతుందని, గుడ్డలేసుకోమని. వాడు చిన్నపిల్లాడిలా పళ్ళికిలిస్తున్నాడు. మూడో స్థానం వచ్చినవాడి ముఖమేనా అది? పక్కనే ఉస్తాదు తాలీం నుంచి తెచ్చిన వాడి దారం పట్టుకుని ముళ్ళు విప్పుతున్నాడు. నన్ను చూసి నా దారం కూడా తీసి, మూడూ విప్పి చేతిలో పెట్టాడు.

ఆమె నన్ను చూసింది. "ఇటు రా బిడ్డా, నీ ఈపు గూడ తుడుస్త," అంది.

పర్వాలేదమ్మా అని, నూనె ఒంటి మీదే కొత్త చొక్కా తొడుక్కుని, కప్పు చంకలో పెట్టుకుని వచ్చేశాను. దారి పొడుగునా ఒకటే కోపం. నేను గెలిచాను, మరి వాడెందుకు నవ్వుతున్నాడు?

ఇంట్లో అమ్మ కప్పు వైపు ఒకసారి చూసి, చొక్కా విప్పించి, మరకకు శనగపిండి రుద్దుతూ కూర్చుంది. పోటీ ఎక్కడ పెట్టారని అడిగింది. బడి మైదానంలో అన్నాను. ఆమె చెయ్యి ఆగింది.

"గింత దగ్గరనా? నాకెందుకు చెప్పలేదురా? చెప్తే నేను గూడ వస్తుంటి గద."

కప్పు కిటికీలో పెట్టి స్నానానికి వెళ్ళాను. ఎంత రుద్దినా వీపు నడుమ నూనె దాకా చెయ్యి అందలేదు.