రంగు తెలియని చిలుక

మా వదిన పోయిందని కామారెడ్డి ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చేసరికి నేను ఎల్లారెడ్డిలో మా దుకాణంలో ఎంబ్రాయిడరీ మిషన్ ముందున్నాను. ఒక జాకెట్ మీద చిలుక రెక్కకు ఆకుపచ్చ వెయ్యాలో నీలం వెయ్యాలో తేలక, ఆమెకే ఫోన్ చేద్దామనుకుంటున్నాను. మోగింది ఆమె నంబరే కావడంతో ఎత్తగానే రంగు సంగతే అడగబోయాను. అవతల మా ఆయన ఏడుస్తున్నాడని తెలియడానికి కూడా కాసేపు పట్టింది.

వదిన మా ఆయనకు అక్క. ఏళ్ల తరబడి బీడీలు చుట్టి, అది మానేసి ఈ కంప్యూటర్ మిషన్ కొంది. "ఇది నడ్వకపోతే మల్ల బీడీల చాట ఒళ్లె పెట్టుకునుడే" అనేది. ఇంటర్ చదివానని కంప్యూటర్ పని నా నెత్తిన పెట్టింది.

మిషన్‌తో పాటు డిజైన్లున్న పెన్‌డ్రైవ్ ఇచ్చారు. ప్రతి డిజైనుకూ రెండు ఫైళ్లు. పెద్దది సూది ఎటు పోవాలో చెబుతుంది. చిన్నది ఎక్కడ ఏ రంగు దారమో చెబుతుంది. మా దాంట్లో పెద్దది తెరుచుకునేది, చిన్నది మొరాయించేది. ఒక రంగు కుట్టడం కాగానే మిషన్ ఆగిపోయేది. తర్వాత ఏ దారం ఎక్కించాలో దానికీ తెలియదు, మాకూ తెలియదు.

అప్పుడే నాగిరెడ్డిపేట నుంచి మొదటి పెళ్లి జాకెట్ వచ్చింది. వీపు మీద చిలుక కావాలన్నారు. అది చెడితే ఇంకో పెళ్లివాళ్లు మా గడప తొక్కరని భయం. వదిన పెన్‌డ్రైవ్‌ను కొంగుకు ముడేసుకుంది, నన్ను వెంటేసుకుని కామారెడ్డి బస్సెక్కింది. అవి ఉద్యమపు బందుల రోజులు, ఆ బస్సు దొరకడమే గొప్ప.

కంప్యూటర్ సెంటర్ ఆయన ఆ చిన్న ఫైలును మా మిషన్ చదివే రకంలోకి మార్చి ఇచ్చాడు. ఇంటికొచ్చి పాత గుడ్డ మీద కుడితే చిలుక ఒళ్లు ఊదా, ముక్కు ఆకుపచ్చ వచ్చాయి. మర్నాడు మళ్లీ పోయాం.

"అక్కా, ఇండ్ల రంగులు లెవ్వు, నంబర్లే ఉన్నయి. ఏదో దారం కంపెనీ నంబర్లు. ఏ కంపెనీదో రాయలే" అన్నాడాయన తల గోక్కుంటూ. మా దారాల కంపెనీలో అదే నంబరుకు వేరే రంగు.

"అంటే నీకు గూడ సమజ్ కాలేదు. మంచిదే, నాకొక్కదానికే అనుకున్న" అంది వదిన. నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె మాత్రం బస్సులో హాయిగా నిద్రపోయింది.

పెళ్లి దగ్గర పడింది. జాకెట్ కోసం పిల్లా, తల్లీ వచ్చారు. మిషన్ చెడిపోయిందని చెబుదామని నేను సైగ చేస్తున్నాను. వదిన చూడనట్టే, "మాకు రంగులు సమజైతలేవు బిడ్డా. మిషన్ ఆగినప్పుడల్లా నువ్వే చెప్పు" అని పక్కన స్టూలు వేసింది.

"గదేంది, కుట్టేటోళ్లకే తెల్వకపోతె ఎట్ల?" అంది తల్లి.

పిల్ల కూర్చుంది. మిషన్ ఆగింది. పిల్ల రీళ్లన్నీ ఒక్కొక్కటే తిప్పి చూసింది. "పెండ్లి చీర గూడ అత్తగారోళ్లే తెచ్చిండ్రు. నన్ను ఎవ్వరు ఏం అడగలే" అంది చివరికి, ఎవరి వైపూ చూడకుండా. తర్వాత రాణి రంగు రీలు తీసి ఇచ్చింది. రాణి రంగు చిలుక ఎక్కడైనా ఉంటుందా అని నా నోటిదాకా వచ్చింది. వదిన వెంటనే దారం ఎక్కించింది. ముక్కు నీలం, రెక్కలు పసుపు. తల్లి నోరు తెరవబోయి, కూతురి ముఖం చూసి ఊరుకుంది.

ఆ జాకెట్ చూసినవాళ్లు వచ్చారు, వాళ్లను చూసి మరికొందరు. వదిన అందరినీ ఆ స్టూలు మీదే కూర్చోబెట్టేది. రీళ్లు గడపలోకి తెచ్చి వెలుగులో చూపించేది. నేను అడిగితే, "నన్నడుగుడేంది, తొడుక్కునేదాన్ని అడుగు" అనేది. ఈ మధ్య దాకా నేను ఆ చిన్న ఫైలును సరిగ్గా మార్చే దారి వెతుకుతూనే ఉన్నాను. ఆ నంబర్లు ఏ కంపెనీవో ఇప్పటికీ నాకు తెలియదు. తెలిసుంటే వదిన దుకాణం ఇలా నడిచేదా? అదీ తెలియదు. తెలియదని నలుగురిలో చెప్పడానికి సిగ్గుపడక్కర్లేదని మాత్రం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. అందుకు ఆమెకు రుణపడి ఉన్నాను.

దినాల నాడు ఊరూరి ఆడవాళ్లు వచ్చారు. ఉక్కగా ఉందని కొంగులు నడుముకు దోపుకుని బంతిలో కూర్చున్నారు. కూర గిన్నెతో వాళ్ల వెనకగా వస్తూ ఆగిపోయాను. అందరి వీపుల మీదా అదే చిలుక. ఒకటి నారింజ, ఒకటి తెలుపు, ఒకటి నల్లది, దాని పక్కన రాణి రంగుది. వాళ్లు అన్నం కలుపుకుంటుంటే అవన్నీ కొద్దికొద్దిగా కదులుతున్నాయి.