రాకెట్టు వెంట పరిచిన నీలం గుడ్డ

ప్రొద్దుటూరులో మాది బట్టల అంగడి. మనవాడొకడు అంతరిక్షంలోకి వెళ్తున్న మధ్యాహ్నం, టీవీ పెట్టుకునే, చాపాడు నుంచి వచ్చిన ఖాసింబీకి పరదాల కోసం నీలం గుడ్డ కొలుస్తున్నాను. మా తాత నేర్పినట్టు 'ఒకటి' అనకుండా 'లాభం, రెండు, మూడు' అని లెక్కపెడుతుంటే, టీవీలో అంకెలు వెనక్కి నడవసాగాయి. నా నోరు వాటి వెంట పోయింది. "మూడు, రెండు, లాభం!" అని గట్టిగా అరిచేశాను. రాకెట్టు లేచింది.

దాంతోపాటు నేనూ లేచాను. చంద్రుణ్ణి దాటాక, పేర్లు లేని చుక్కల మధ్య చప్పుడు లేకుండా తేలిపోతున్నాను. ఆకాశమంతా నా వేళ్ల సందుల్లోంచి మెత్తగా జారుతూనే ఉంది.

"యాడికి పోతాండావప్పా?" అని ఖాసింబీ అరిస్తే ఉలిక్కిపడి చూశాను. గుడ్డ తాను మొత్తం విప్పేసి వీధి మెట్ల దాకా పరిచేశాను! అంగడంతా ఒకటే నవ్వు. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

ఖాసింబీ మాత్రం నవ్వలేదు. ఆమె భర్త కువైట్ వెళ్లి చాలా ఏళ్లయింది. టీవీ వైపే చూస్తూ, "పోయేది శానా బాగా చూపిచ్చినారు. తిరిగొచ్చేది గూడా చూపిస్తారా అప్పా?" అంది.

మనవాడు, తోటివాళ్లు తిరిగి భూమ్మీద దిగిన రోజు నేనే ఫోన్ చేసి ఆమెను టీవీ పెట్టుకోమన్నాను.

ఇప్పటికీ నేను చుక్కల దాకా పోతూనే ఉంటాను. కాకపోతే, తిరిగొచ్చే దారి కూడా కొలుచుకుంటాను.