యాడ్స్ మధ్య చదివిన చదువు

నేను డిగ్రీ పాసయ్యాను. ఫస్ట్ క్లాస్. ఒక్క పేపరు కూడా మిగల్లేదు. గొర్రెలు కాసుకుని బతికిన మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటి మనిషిని నేను. రోడ్డు మీదికి పోయి ఎదురైన ప్రతివాళ్లకూ చెప్పాలనుంది. కానీ ఇవాళ ఈ ఇంట్లో ఇద్దరు పాసవ్వాల్సింది.

రిజల్ట్ వచ్చేసరికి కోదాడలో అక్కావాళ్ల ఇంట్లో క్యాబేజీ తరుగుతున్నాను. బావది బస్టాండు దగ్గర చైనీస్ ఫాస్ట్‌ఫుడ్ బండి. సాయంత్రం ఐదుకు పొయ్యి వెలిగించాలంటే మధ్యాహ్నమంతా ఇంట్లో పని. క్యారెట్, బీన్స్, క్యాప్సికం సన్నగా తరగాలి. నూడుల్స్ ఉడకబెట్టి, నూనె రాసి, పాత చీర మీద ఆరబెట్టాలి. ఆ పనికి తోడు టీవీ. ఒంటిగంట నుంచి మూడున్నర దాకా వరసగా సీరియళ్లు. పని అయ్యాక అక్క మిగిలిన తరుగుతో ఒక గిన్నెడు నూడుల్స్ చేస్తుంది, బండి మీదకంటే కారం ఎక్కువ వేసి. ఇద్దరం ఒకే గిన్నెలో తింటాం. ఆ రుచి బండి దగ్గర ఎప్పుడూ రాలేదు.

మూడేళ్లు ఆ ఇంట్లోనే ఉండి కాలేజీకి వెళ్లాను. అక్క ఇంటర్‌తో ఆపేసి, పెళ్లయ్యాక ఓపెన్ డిగ్రీ కట్టింది. ఏళ్లకేళ్లు పట్టి ఒక్కో పేపరూ గట్టెక్కి, చివరికి ఒక్కటి మిగిలింది, ప్రభుత్వ పాలన. ఈ ఏడాదితో డిగ్రీ పూర్తిచేసే గడువు కూడా అయిపోతుంది. ఈసారి రాయకపోతే అంతకుముందు పాసైనవి కూడా లెక్కలోకి రావు.

ఆమెకు పుస్తకం పట్టుకునే వీలుండేది కాదు. చేతులు ఎప్పుడూ తడే. అందుకని యాడ్స్ వచ్చినప్పుడు సౌండ్ తగ్గించి నేను పైకి చదివేదాన్ని. సీరియల్ మొదలవగానే ఆపేదాన్ని. పాఠాలన్నీ ఆమెకు సీరియల్ కథలతోనే గుర్తు.

"అక్కా, బడ్జెట్ పాఠం ఎప్పుడు చదివినం?" అని అడిగితే, "గా అత్త పాలల్ల మందు కలిపిన దినం," అనేది. "కోడలు తాగిందో లేదో సూడనియ్యకుండ మొదలుపెట్టినవ్ గదనే." ఆ తర్వాత పాఠం మొత్తం అప్పజెప్పేది.

"పరీక్షల గూడ గిట్లనే రాస్తవా?"

"రాస్త. దిద్దే సారు గూడ గా సీరియల్ సూస్తడు కావచ్చు."

మా ఇద్దరి చివరి పరీక్షలూ ఒకే రోజు, ఒకే పూట పడ్డాయి. నాది కోదాడలో, ఆమెది సూర్యాపేటలో. అదే రోజు మిర్యాలగూడలో ఒక పెళ్లికి చైనీస్ కౌంటర్ పెడతానని బావ ఎప్పుడో ఒప్పుకున్నాడు. తోడు రావాల్సిన వంట మాస్టర్ ముందురోజు సాయంత్రం జ్వరంతో పడిపోయాడు.

"మీ ఇద్దర్లో ఒకళ్లు రావాలి," బావ గడప దగ్గరే నిలబడి అన్నాడు. "అంతమందికి ఒక్కణ్ణే ఎట్టా చేసేది? మాటిచ్చాను."

నేను పుస్తకంలోంచి తల ఎత్తలేదు. నాకు ఈసారి తప్పితే సప్లిమెంటరీ ఉంటుంది. అక్కకు ఇంకేమీ లేదు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. నోరు తెరిచి అనాల్సింది నేను. చదివిన లైనే మళ్లీ మళ్లీ చదువుతూ కూర్చున్నాను.

అక్క నావైపు కాసేపు చూసింది.

"చెల్లె పరీక్షకు పోతది," అంది బావతో. "నేనొస్త పా."

మర్నాడు ఆమె మిర్యాలగూడలో పొద్దుగూకేదాకా నూడుల్స్ వడ్డించింది. నేను కోదాడలో పదహారు పేజీలు రాశాను.

ఇవాళ ఫోన్‌లో మార్కులు చూపిస్తే నవ్వింది. నా తల మీద చెయ్యి వేయబోయి, తడిగా ఉందని తీసేసుకుంది. మోచేత్తో కళ్లు తుడుచుకుంది. ఉల్లిగడ్డలు తరగడం అప్పటికింకా మొదలే పెట్టలేదు.

టీవీలో యాడ్స్ వచ్చాయి. అలవాటు కొద్దీ రిమోట్ తీసి సౌండ్ తగ్గించాను. చదవడానికి ఏమీ లేదు. ఇద్దరం ఆ మూగ బొమ్మల్ని చూస్తూ కూర్చున్నాం.

"పెంచు," అంది అక్క. "సబ్బు గురించే గద, ఇందాం."

పని ముగించి, రెండు గుడ్లు ఎక్కువ కొట్టి నూడుల్స్ చేసింది. గిన్నె నా ముందుకు జరిపింది. తన చెంచా తెచ్చుకోలేదు.

"నువ్వు తిను. జర కడుపుల మంటగుంది నాకు."

నేను గిన్నె మీద మూత పెట్టాను.

"ఎవలెవలికి చెప్పినవే?" అని అడిగింది.

"నీకే. ఇంకెవలికి చెప్పలే."

"గట్లెట్ల? రాయి, నేను చెప్త. మర్చిపోతె అలుగుతరు."

ఆమె చెప్తుంటే కాగితం మీద రాశాను.

నాయన. గొర్ల వెంట ఉంటాడు, చీకటి పడ్డాకే ఫోన్ ఎత్తుతాడు.

గరిడేపల్లిలో చిన్నమ్మ. ఆమెకు చెప్తే ఊరంతటికీ చెప్పినట్టే.

హాలియాలో మేనత్త.

హుజూర్‌నగర్‌లో నా క్లాస్‌మేట్. ఆమెకు ఒక పేపరు పోయిందట, మెల్లగా మాట్లాడాలి.

బావ. మార్కెట్లో ఉన్నాడు, కోడిగుడ్ల ట్రేలు కూడా గుర్తు చేయాలి.

సూర్యాపేట స్టడీ సెంటర్ సారు. అక్క గడువు అయిపోయిందని నేనడిగిన రెండుసార్లూ చెప్పాడు, మళ్లీ అడగాలి. ఈ ఒక్కటీ అక్క చెప్పింది కాదు.